సుందరమ్మ తొలికాన్పు

వనజకు అబద్ధమాడటం బొత్తిగా చేతకాదు. చేతకాని వాళ్లు ఆడే అబద్ధాలకు ఒక గుణం ఉంటుంది. అవి పుట్టినప్పుడు చిన్నవిగానే ఉంటాయి, తర్వాత పెళ్లిళ్లు చేసుకుంటాయి, కడుపుతో కూడా ఉంటాయి. వనజ ఆడిన అబద్ధం సరిగ్గా ఆ పనే చేసింది.

వాళ్లది వనపర్తి. డిగ్రీ చివరి పరీక్షలు రాసేసి వనజ ఇంట్లో ఉంది. ఆమె అవ్వ నర్సమ్మ, అంటే తండ్రి హనుమంతు కన్నతల్లి, వాకిట్లో జారిపడి కాలు విరగ్గొట్టుకుంది. దవాఖానలో ఆపరేషన్ అయ్యాక ముందుగదిలో టీవీకి ఎదురుగా మంచం వేసి పడుకోబెట్టారు. నర్సమ్మకు చదువు రాదు. జ్ఞాపకం మాత్రం, ఏ పెళ్లిలో ఏ కూర మాడిందో, ఆ మాడిన కూర ఎవరి విస్తట్లో పడిందో కూడా చెప్పగలిగేంత.

ఆమె దవాఖానలో ఉండగానే మానవపాడులో చెల్లెలు బాలనాగమ్మ కన్నుమూసింది. ఈ స్థితిలో చెబితే తట్టుకోలేదని ఇంటిల్లిపాదీ అనుకున్నారు. "చిన్నమ్మ కల్వకుర్తికి పోయిందమ్మా, బిడ్డ దగ్గరుంటదట కొన్నొద్దులు" అన్నాడు హనుమంతు. వనజ పక్కనే నిలబడి తల ఊపింది. లేచి కూర్చునే ఓపిక వచ్చాక అసలు సంగతి చెప్పారు. అప్పటికి దినాలు కూడా అయిపోయాయి. నర్సమ్మ ఏడవలేదు, ఎవరినీ ఒక్క మాట అనలేదు. గోడ వైపు తిరిగి పడుకుంది. నోరు మూత పడని మనిషి పలకడం మానేసింది. అన్నం కంచం పెట్టింది పెట్టినట్టే తిరిగొచ్చేది.

అలాంటి రోజుల్లో వనజ స్నేహితురాలు జబీన్ కోచింగ్ కోసం హైదరాబాదు పోతూ తన వీడియో గేమ్ పెట్టెను తెచ్చి ఇచ్చింది. "మా ఇంట్ల పెడితే చిన్నపిల్లలు ఇరగ్గొడ్తరు, నీ దగ్గర ఉండనీ" అంది. వనజ దాన్ని టీవీకి తగిలించి, అవ్వకు అడ్డం కాకుండా కింద చాప మీద కూర్చుంది. తెర మీద ఒక చిన్న పల్లె వచ్చింది. ముళ్లలాంటి జుట్టున్న కుర్రాడొకడు ఎవరి ఇంట్లోనో దూరి కుండలు పగలగొట్టడం మొదలుపెట్టాడు.

గోడ వైపు నుంచి గొంతు వినిపించింది. "ఎవరింట్లనే గా చప్పుడు?"

వనజ వెనక్కి తిరగకుండానే చెప్పింది. "కుండలు పలగ్గొడుతుండవ్వా. వాటిల మందు సీసాలుంటయి."

"ఇంటోళ్లు ఏమంటలేరా?"

"ఏమనరు. జపానోళ్ల ఆట ఇది."

"మస్తు ఓపికున్నోళ్లు" అని నర్సమ్మ ఇటు తిరిగింది.

అంతే, ఆ రోజు నుంచి ఆ ఇంట్లో ఆట వనజ ఒక్కదానిది కాకుండా పోయింది. తెర మీద మాటలన్నీ ఇంగ్లీషులో వచ్చేవి. వనజ చదివి చెప్పాలి, నర్సమ్మ వినాలి, ప్రశ్నలడగాలి. కుర్రాడికి ముండ్లజుట్టోడని పేరు పెట్టింది. వాడి వెంట నడిచే ముసలి సిపాయి మీసాలతాత. దెబ్బలు తగిలినప్పుడల్లా చేత్తో తాకి నయం చేసే పిల్ల అసలు పేరు సునే. నర్సమ్మకు ఆ పిల్ల నచ్చింది, అందుకని సుందరమ్మ అయింది. మొదటి పల్లె సుందరమ్మదే. వాళ్లమ్మ ఎప్పుడు చూసినా పొయ్యి దగ్గర నిలబడి గరిటె తిప్పుతూ ఉండేది. ఆ ఇంటి పైకప్పు మీద పొగ ఆగేదే కాదు.

"వండుకునే ఇల్లు. సూడనీకి పానం సల్లగుంటది" అనేది నర్సమ్మ.

ఆట మీద ఆమెకు చాలా అభిప్రాయాలుండేవి. కొట్లాటలో ఒకరు కొట్టేదాకా రెండోవాళ్లు నిలబడి కాచుకోవడం ఆమెకు తెగ నచ్చింది. "సూడు, ఎంత మర్యాద. మన గల్లీల పంపుకాడ గిట్ల వంతులు పట్టుకుంటరా ఎవరన్నా?" సత్రంలో ఒక్క పూట పడుకుంటే అందరి గాయాలూ మానిపోయేవి. అది చూసిన ప్రతిసారీ తన కాలును తడుముకుని, "గా సత్రం ఏ ఊర్లుందో అడిగి పెట్టు" అనేది. దయ్యాలరాజు అనే పెద్ద దుర్మార్గుడు కొట్లాటకు ముందు తన ఎత్తులన్నీ పూసగుచ్చినట్టు చెప్పడం మాత్రం ఆమెకు గిట్టేది కాదు. "గింతసేపు మాట్లాడితే సగంమంది వింటనే సస్తరు. వీనికి ఇంట్ల మాట్లాడేటోళ్లు లేనట్టున్నరు." లోకం మునిగిపోతోందని అందరూ గగ్గోలు పెడుతుంటే ముండ్లజుట్టోడు చెరువు గట్టున గాలం వేసుకుని కూర్చోవడం ఇంకా గిట్టేది కాదు.

ఈ ఆటల్లో ఒక పెద్ద చాకిరీ ఉంటుంది. బలం రావాలంటే అడవిలో అవే అవే ఉడుములను మళ్లీ మళ్లీ కొడుతూ ఉండాలి. వనజకు ఆవులింతలు వచ్చేవి. నర్సమ్మ మాత్రం చేటలో పల్లికాయ పోసుకుని, "నువ్వు కొట్టు, నేను ఒలుస్త. రెండూ ఒక తీరు పనే" అని సాగించేది. పల్లీలు ఒలుస్తూ రెండు నోట్లో వేసుకునేది. తర్వాత అన్నం కూడా అడిగి పెట్టించుకోవడం మొదలుపెట్టింది. హనుమంతు గుమ్మంలో నిలబడి తల్లి తినడం చూసి, జబీన్ చల్లగుండాలనుకునేవాడు.

ఇంతలో సుందరమ్మ చచ్చిపోయింది.

మధ్యాహ్నం మాత్రలు వేసుకుని నర్సమ్మ కునుకు తీస్తున్న వేళ జరిగిందది. మంచుకొండల్లో వంతెన కూలిపోతుంటే సుందరమ్మ తన శక్తితో దాన్ని పట్టి నిలిపి, మిగతా వాళ్లను దాటించి, తాను దానితోపాటే పోయింది. వనజ చున్నీతో కళ్లు తుడుచుకుంది. ఆ వెంటనే మంచం వైపు చూసింది. అవ్వకు ఈ మాట ఎలా చెప్పాలి? మళ్లీ గోడ వైపు తిరిగి పడుకుంటే ఇటు తిప్పడానికి ఇంకేం మిగిలింది?

నర్సమ్మ లేచి కళ్లద్దాలు పెట్టుకుని తెర చూసింది. "సుందరమ్మ ఏదే?"

"పెండ్లయిందవ్వా" అంది వనజ. ఆ మాట ఎక్కడి నుంచి వచ్చిందో ఆమెకే తెలియదు. "అత్తగారింటికి పోయింది."

"నేను పండుకున్నంతల్నే పెండ్లా? పిల్లగాడెవరు?"

"పడవలు చేసేటోడు."

"రేవుకాడ గోడమీద కూసోని వాన గురించి మాట్లాడినోడా? నీలం అంగీ?" నర్సమ్మ కాసేపు ఆలోచించింది. "పోనీ, చేతిల పనున్నోడే. నాకు మాత్రం ఒక్కమాట చెప్పకపోతిరి."

ఆ చివరి మాటకు వనజ తల వంచుకుంది.

అక్కడితో ఆగితే బాగుండేది. కానీ నయం చేసే మనిషి లేక ముండ్లజుట్టోడూ మీసాలతాతా అడుగడుగునా తన్నులు తినసాగారు. "సుందరమ్మను పిలిపియ్యరాదే. అత్త పంపుతలేదా? మీసాలతాతను తోలి మాట్లాడియ్యి" అని నర్సమ్మ ఒకటే పోరు. ఇంకో బాధ కూడా ఆమెను తొలిచేది. "గన్ని దినాలు కలిసి తిరిగిండ్రు, పిల్ల పోయినంక ఒక్కడన్నా దాని పేరెత్తుతలేడు. కొత్త ఊర్ల నవ్వుకుంట తిరుగుతుండ్రు. జపానోళ్లు అన్నీ మంచిగ చేసిండ్రు గని, ఇదేం బుద్ధే?"

వనజకు కూడా అదే కోపంగా ఉంది. పిలిపించమన్న పోరు పడలేక ఒకరోజు అనేసింది. "ఎట్ల వస్తదవ్వా, నీళ్లు పోసుకుంది."

నర్సమ్మ ముఖం విచ్చుకుంది. చేట పక్కన పెట్టి లెక్క కట్టింది. "మంచుకొండల కాడ పెండ్లి. తర్వాత ఎడారి, గాడికెళ్లి సముద్రం. ఇప్పుడు చెట్లు చిగురుపెట్టినయి. అంటే ఏడో నెల పడ్డది. తొలికాన్పుకు తల్లిగారింటికి తోలుకొచ్చే ఉంటరు. పా, పోయి సూసొద్దాం."

"అంత ఎనుకకు ఎవ్వరు పోరవ్వా. ఆట ముందుకే పోవాలె."

"ఎగిరే ఓడ దొరికెగద మొన్న. ఊకెనే ఊరి మీద తిప్పుతున్నవ్. గంత ఓడ పెట్టుకొని పురిటి మనిషిని సూడనీకి పోవా?"

వనజ ఒక ధైర్యం చేసింది. ఈ ఆటల్లో పాత పల్లెల వాళ్లు ఎప్పుడు పలకరించినా అదే పాత మాట చెబుతుంటారు. సుందరమ్మ తల్లి కూడా గరిటె తిప్పుతూ పాత మాటే చెబుతుంది. పిల్ల లోపల పడుకుందని చెప్పేస్తే సరిపోతుంది. అలా అనుకుని ఓడను మొదటి పల్లె వైపు తిప్పింది.

ఓడ దిగి ముండ్లజుట్టోడు పల్లెలోకి నడిచాడు. బాతులు అక్కడే ఉన్నాయి. బావి దగ్గర పిల్లలు అక్కడే ఉన్నారు. సుందరమ్మ ఇల్లు కనిపించింది. తల్లి పొయ్యి దగ్గర లేదు. గడప మీద కూర్చుని దారి వైపు చూస్తోంది.

నర్సమ్మ మంచం మీద ముందుకు వంగింది. పైకప్పు వైపు చూసింది. తర్వాత మెల్లగా అంది. "పొగ లేదు."

వనజ ముండ్లజుట్టోడిని వెనక్కి తిప్పబోయింది.

"పొయ్యి ఎలిగియ్యలే. గా ఇంట్ల మనిషి పోయిండ్రు." కళ్లద్దాల పైనుంచి మనవరాలిని చూసింది. "సుందరమ్మేనా?"

"అవును అవ్వా."

"ఎప్పుడు?"

"నువ్వు పండుకున్ననాడు. వంతెన కాడ."

"అంటే సచ్చిన పిల్లకు పెండ్లి జేసి, కడుపు గూడ జేసినవ్."

వనజకు ఏడుపూ నవ్వూ ఒకేసారి వచ్చి ఏదీ సరిగ్గా రాలేదు. "నువ్వు మళ్లా గోడదిక్కు తిరుగుతవని భయమేసిందవ్వా."

"నేను గోడదిక్కు తిరిగింది బాలనాగి పోయినందుకనుకున్నరా?" నర్సమ్మ గొంతు పెరగలేదు. "పోయేటోళ్లు పోతరు. నేను పోయి దాని ఇంట్లున్నోళ్లను పలకరియ్యలే. కల్వకుర్తిల ఉందన్నరు. అది మట్టిల కలిసినంక గూడ నేను ఈడ, కల్వకుర్తిల ఏం తింటుందో అనుకుంట పండుకున్న. ఎవరి మొహం సూడాలె నేను?"

వనజ లేచి వెళ్లి అవ్వ పక్కన కూర్చుంది. నర్సమ్మ ఆమెను దూరం నెట్టలేదు, దగ్గరికీ తీసుకోలేదు. తెర వైపు చూపించింది.

"ముందల గా తల్లిని పలకరియ్యి. రాసింది రాసినట్టు చదువు. ఒక్క మాట మింగినవంటే సూడు."

వనజ చదివింది. సుందరమ్మ తల్లి పాత మాట చెప్పలేదు. "పొయ్యి వెలిగిద్దామని పొద్దున్నే లేచాను. ఎవరికోసమో గుర్తు రాలేదు. మీరు దానితో కలిసి నడిచిన వాళ్లు కదా. అది మిమ్మల్ని విసిగించిందా? నవ్వించిందా?" కింద రెండు దారులు కనిపించాయి. చెప్పడం ఒకటి, వెళ్లిపోవడం ఒకటి.

"చెప్పు. అందుకే గద వచ్చినం" అంది నర్సమ్మ.

అప్పుడు ముండ్లజుట్టోడు గడప పక్కన నేల మీద కూర్చున్నాడు. ఇన్నాళ్లూ పేరెత్తని వాళ్లు ఒక్కొక్కరే నోరు విప్పారు. సుందరమ్మ కాచిన చారు తాగి మీసాలతాత ఒక పూటంతా పొదల వెంట పరుగెత్తిన సంగతి, నిద్రలో పాటలు పాడి గుడారంలో ఎవరినీ పడుకోనివ్వని సంగతి, పడవలో వాంతులు చేసుకుంటూనే అందరికీ ధైర్యం చెప్పిన సంగతి. తల్లి నవ్వింది. నర్సమ్మ పైటకొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది, ఆ కొంగుతోనే కళ్లు తుడుచుకుంది. చివరికి తల్లి లేచి లోపలికి వెళ్లింది. కాసేపటికి పైకప్పు మీద పొగ లేచింది.

"గట్ల. ఇగ రెండు మెతుకులు తింటది" అంది నర్సమ్మ.

వెళ్లేముందు ఆట మళ్లీ రెండు దారులు చూపించింది. మళ్లీ వస్తామని చెప్పడం, ఏమీ చెప్పకపోవడం. వనజ వేలు మొదటి దాని మీదికి పోతుంటే నర్సమ్మ చెయ్యి పట్టుకుంది.

"పోయొస్తమని చెప్పొద్దు గిసోంటి ఇంట్ల. ఊకనే లేచి రావాలె."

ముండ్లజుట్టోడు ఊరకనే లేచి వచ్చేశాడు.

నర్సమ్మ దిండుకు ఆనుకుని తీర్పు చెప్పింది. "జపానోళ్లకు మనసు మస్తున్నది. గని ఇంత మంచి ముచ్చట తీస్కపోయి మూలకు దాచిపెట్టిండ్రు. ఎగిరే ఓడల అందరు ముందుకే ఉరుకుతరాయె. పలకరియ్యనీకి వచ్చినోళ్లకే కనపడాలని పెట్టిండ్రో ఏమో. అయినా జర చెప్పరాదా?" తర్వాత వంటింటి వైపు తిరిగి కొడుకును కేకేసింది. "హనుమంతూ, రేపు నేను మానవపాడుకు పోత. నా కర్ర ఏడ పెట్టినవ్?"

కాలు ఇంకా పూర్తిగా ఆనలేదని, బస్సులో కుదుపులుంటాయని హనుమంతు ఎంత చెప్పినా వినలేదు. మరునాడు వనజ భుజం ఒక చేత్తో, కర్ర ఒక చేత్తో పట్టుకుని బస్సెక్కింది. సంచిలో జొన్నరొట్టెలు, పప్పు, ఫ్రీ టికెట్టుకు ఆధార్ కార్డు. పెబ్బేరులో బస్సు మారారు. పక్క సీటులో ఎస్తేరు అనే ఆవిడ కూర్చుంది. బీచుపల్లి దగ్గర కృష్ణ దాటేలోపే ఆమెకు ముండ్లజుట్టోడి కథంతా తెలిసిపోయింది.

"అంత మంచి పిల్లను ఎందుకు సంపిండ్రమ్మా?" అని ఎస్తేరు నొచ్చుకుంది.

"గదే వాళ్ల తోని కష్టం. మనుసుకు దగ్గర చేస్తరు, ఎనుకనే తీస్కపోతరు. గని దగ్గర చేసుడు మాత్రం ఒస్తదమ్మా వాళ్లకు" అంది నర్సమ్మ. మళ్లీ ఏదో గుర్తొచ్చి, "కుండలు పలగ్గొట్టుడొక్కటి బందు జేయాలె" అని కలిపింది.

మానవపాడులో బాలనాగమ్మ కోడలు ఇందిరమ్మ వాకిట్లో పల్లికాయ ఆరబోస్తోంది. పెద్దత్తను చూడగానే చేతిలో చేట జారిపోయింది. ఇద్దరూ కాసేపు ఏడ్చారు. తర్వాత నర్సమ్మ గడప మీద కాలు చాపుకుని కూర్చుని, బాలనాగమ్మ చిన్నప్పుడు మేకపిల్లను బడికి తీసుకుపోయి పంతులు పక్కన కట్టేసిన సంగతి చెప్పింది. ఇందిరమ్మ నవ్వుతూనే లేచి వెళ్లి చాయ్ పెట్టింది. రొట్టెలు అందరూ పంచుకుని తిన్నారు.

పొద్దు వాలుతుండగా నర్సమ్మ కర్ర అందుకుని లేచింది. వనజ అలవాటు కొద్దీ నోరు తెరిచి, ఏదో గుర్తొచ్చి మూసేసింది. ఇందిరమ్మ కూడా ఏమీ అనలేదు. పచ్చి పల్లికాయ నింపిన సంచిని వనజ చేతిలో పెట్టింది.

సందు మలుపు తిరిగాక నర్సమ్మ సంచి వైపు చూసింది.

"దయ్యాలరాజును కొట్టాలంటే ఇంక ఎంత బలం గావాలె మనకు?"

"చానా గావాలవ్వా. మళ్లా ఉడుములను కొట్టాలె."

"కొట్టు. ఒలవనీకి నా కాడ గూడ మస్తున్నయి."