హోరులో మాట

మరమగ్గాల షెడ్డు మూతపడినందుకు మా ఇంట్లో మనస్ఫూర్తిగా సంతోషించింది బావగారొక్కరే. ఇన్నేళ్ళూ ఇంటి కోడళ్ళిద్దరూ నూలు దుమ్ము పీలుస్తూ కష్టపడ్డారని, ఇకనైనా హాయిగా ఇంటిపట్టున ఉంటారని కనబడిన ప్రతివాళ్ళకీ చెప్పుకున్నారు. ఆ సంతోషంలోనే కొండల్లో ఉన్న పెద్ద జలపాతానికి అందరం వెళ్దామని వ్యాను మాట్లాడారు. పోస్టాఫీసు కౌంటరు వెనక కూర్చుని కూర్చుని ఆయనకి ఏదైనా వరసలో జరగాలి. ఎవరు ఏ సీట్లో కూర్చోవాలో, ఎవరికి వాంతుల మాత్ర ఇవ్వాలో ముందు రోజే తేల్చేశారు.

నాకు జలపాతం మీద ధ్యాస లేదు. అక్క నుంచి ఒక మాట కావాలి, అదీ ఇంటికి తిరిగొచ్చేలోగా.

అక్కంటే మా తోడికోడలు, బావగారి భార్య. షెడ్డు మూసేశాక అందులో కొన్ని మగ్గాల్ని బస్టాండు వెనక తువ్వాళ్ళ వ్యాపారం చేసే ఆవిడ కొనుక్కుంది. అందరం ఆవిణ్ణి తువ్వాళ్ళమ్మ అంటాం. పాత మగ్గాల అలకలు తెలిసిన చేతులు కావాలని నాకు కబురు పెట్టింది. మీ అక్కా నువ్వూ కలిసి వస్తేనే రండి, ఒక్కదానివే అయితే వద్దని కచ్చితంగా చెప్పింది. అటూ ఇటూ మగ్గాలు పెట్టుకుని ఇద్దరు ఒకరి మగ్గం మీద ఒకరు కన్నేసి ఉంచితేనే గుడ్డ సరిగ్గా దిగుతుందని ఆవిడకి తెలుసు. జలపాతానికి వెళ్ళొచ్చిన మర్నాడు పొద్దున్నలోగా జవాబు చెప్పకపోతే వేరే జతని పెట్టుకుంటుంది.

ఈ సంగతి అక్కతో వంటింట్లో రెండుసార్లు ఎత్తాను. రెండుసార్లూ అక్క చిన్నగా నవ్వి, "చూద్దాంలే" అంది. మా ఇంట్లో ఆ మాటకి కుదరదనే అర్థం. నాకు ఒళ్ళు మండింది. ఇన్నేళ్ళు పక్క పక్కన నిలబడి పనిచేసిన మనిషి నాతో కూడా ఇంట్లోవాళ్ళతో మాట్లాడినట్టే మాట్లాడిందని కోపం.

గట్టిగా నిలదీద్దామంటే మా ఇంట్లో వీలుపడదు. పై గదిలో దగ్గితే కింద గదిలోంచి మంచినీళ్ళు వస్తాయి. పైగా షెడ్డులో అరిచి అరిచి మా ఇద్దరి గొంతులూ పెద్దవైపోయాయి. మేము రహస్యమనుకున్నది వీధి చివర కొట్టువాడికి తెలుస్తుంది. అందుకే నేను అడిగిన రెండుసార్లూ తల దించుకుని, కూరలు తరుగుతూ, ఊపిరితోనే అడిగాను. సంతకి వెళ్ళే వంకతో బయట మాట్లాడదామంటే, అత్తయ్య మాకంటే ముందే సంచి పట్టుకుని గుమ్మంలో ఉంటుంది. ఫోన్లో రాసి పంపుదామంటే అక్క ఫోను బావగారి చొక్కా జేబులో ఉంటుంది.

షెడ్డులో ఈ బాధ లేదు. మగ్గాలన్నీ నడుస్తుంటే చెవిలో నోరు పెట్టి అరిచినా వినబడదు. అందుకని మేమంతా గొంతు వాడకుండా, పెదవులు సాగదీసి, కనుబొమలు ఎగరేసి మాట్లాడుకునేవాళ్ళం. పడుగు దారం తెగిందంటే వేలితో మెడ మీద గీత. మేస్త్రీ వస్తున్నాడంటే లేని మీసం మెలెయ్యడం. షెడ్డు మొత్తంలో అక్కంత మాటకారి లేదు. ఆ చివర మగ్గం నుంచి ఈ చివరకి కథలు చెప్పేది. బావగారు నిద్రలో కూడా "వరసలో రండి, వరసలో రండి" అంటారని అక్కడే చెప్పింది. ఇంటికొస్తే మాత్రం అడిగినదానికి అవును, కాదు, చూద్దాంలే. అంతే.

ఒకసారి వంటింట్లో అలాగే పెదవులతో మాట్లాడుకుంటుంటే అత్తయ్య చూసింది. కోడళ్ళిద్దరూ తనని వెక్కిరిస్తున్నారని అనుకుని పూటంతా అన్నం ముట్టలేదు. ఇంట్లో ఇంకెప్పుడూ ఆ పని చెయ్యనని అక్క ఆవిడకి మాటిచ్చింది. ఇచ్చిన మాట తప్పే మనిషి కాదు.

కొండ మీద వ్యాను ఆగాక అడవిలోంచి రాతి మెట్ల మీద నడవాలి. రాళ్ళ మీద నాచు, చెట్ల వేళ్ళు మెట్లకి అడ్డంగా. అత్తయ్య మా ఆయన చెయ్యి పట్టుకుని, పడితే నువ్వు ముందు పడాలిరా అని షరతు పెట్టి నడిచింది. బావగారు అందరికంటే ముందు నడుస్తూ, జారుడు రాయి వచ్చినప్పుడల్లా వెనక్కి కేకేసి చెబుతున్నారు. మూడో మలుపు దాటాక ఆయన కేక సగమే వినబడింది. ఇంకో మలుపు తిరిగేసరికి అదీ లేదు.

ఆ హోరు నాకు చెవిలో కంటే ముందు కాళ్ళలో తెలిసింది. పొద్దున్నే షెడ్డు గడపలో కాలు పెట్టగానే నేల అరికాళ్ళ కింద సన్నగా అదిరేది. సరిగ్గా అలాగే ఉంది. అక్క కూడా ఆగింది. చెప్పులు విప్పి, వట్టి కాళ్ళతో రాయి మీద నిలబడింది.

చెట్లు పక్కకి జరిగి జలపాతం కనబడింది. తల వెనక్కి వాల్చినా పై అంచు చూపుకి అందలేదు. నల్లటి కొండ మీంచి ఒక తెల్లటి నీటి ముద్ద విడివడి, అంత దూరం దిగుతూ దిగుతూ పీలికలై, కింద మడుగుని చేరేసరికి సగం పొగైపోతోంది. వెంటనే ఇంకోటి. తుంపర వచ్చి మొహాన కొడుతోంది. చుట్టూ జనం ఒకరి చెవిలో ఒకరు అరుచుకుని, తల అడ్డంగా ఊపుకుని, చివరికి మాటలు మానేసి నవ్వుకుంటున్నారు. బావగారు చెయ్యి చూపించి మాకేదో వివరంగా చెప్పారు. ఒక్క ముక్క వినబడలేదు. పెళ్ళయ్యాక ఆయన మాట ఎవరికీ వినబడకపోవడం నేను చూసింది అదే మొదలు.

అత్తయ్యా మా ఆయనా వెనక బల్ల మీద కూర్చున్నారు. బావగారు మడుగు లోతు రాసిన బోర్డు చదవడానికి వెళ్ళారు. అక్కా నేనూ ఇనుప కమ్మీ దగ్గర మిగిలాం. నేను అక్క ఎదురుగా వెళ్ళి నిలబడి, పెదవులు సాగదీశాను.

"తువ్వాళ్ళమ్మకి రేపు జవాబు చెప్పాలి. వస్తావా, రావా?"

అక్క మొహం విచ్చుకుంది. ఎన్నో రోజులకి సొంతవాళ్ళ మాట విన్న మనిషి మొహం అది.

"తువ్వాళ్ళమ్మకా? దేనికి జవాబు?"

నాకు అర్థం కాలేదు. రెండుసార్లు అడిగాను కదా, చూద్దాంలే అన్నావు కదా అన్నాను. అక్క కాసేపు నీళ్ళవైపు చూసి మళ్ళీ నావైపు తిరిగింది.

"నాకు వినబడలేదే. వినబడనప్పుడల్లా చూద్దాంలే అంటాను. దేనికైనా సరిపోతుంది."

మగ్గాల దగ్గర అందరికీ చెవి కొంత మందగిస్తుంది. నాకూ మందగించింది. అక్కకి ఎంత పోయిందో నాకు తెలియలేదు, ఎందుకంటే షెడ్డులో మేము చెవులతో వినలేదు. ఇంట్లో ఎవరైనా ఎదురుగా నిలబడి చెబితే పెదవులు చూసి అందుకుంటోందట. వెనక నుంచి అంటే సగం పోతుందట. ఒకసారి పొయ్యి కట్టెయ్యమంటే కిటికీ తలుపు వేసి వచ్చిందని అందరం నవ్వాం. నేనూ నవ్వాను. ఆ రోజు నుంచి మాట తగ్గించేశానని అక్క చెప్పింది. గొంతు లేకుండా, తొణక్కుండా, మగ్గం పక్కన నిలబడి చెప్పినట్టే చెప్పింది.

నేను తువ్వాళ్ళమ్మ సంగతి మొదటి నుంచి చెప్పాను. అక్క నన్ను పూర్తి చెయ్యనివ్వనే లేదు.

"వస్తాను. అక్కడ నాకేం లోటు లేదు. మీ అందరితో సమానమే. ఇంట్లోనే ఎందుకూ పనికిరాని దాన్నయిపోయాను."

ఆ వెంటనే దిగులు. తన చెవి సంగతి తువ్వాళ్ళమ్మకి తెలిస్తే ఏమవుతుందని అడిగింది. మగ్గాలు మొదలెట్టిన గంటకి ఆవిడకీ ఏమీ వినబడదని చెప్పాను. అక్క పగలబడి నవ్వింది, ఆ నవ్వు కూడా వినబడలేదు. తరవాత అసలు సంగతికి వచ్చింది.

"మీ బావగారికి నువ్వే చెప్పు. నా తరఫున కూడా."

"నా మాట నేను చెప్తాను. నీ మాట నువ్వే చెప్పాలి."

అక్క కమ్మీ మీద గోరుతో గీస్తూ ఉండిపోయింది. ఇంతలో నా భుజం మీంచి చూసి, చటుక్కున లేని మీసం మెలేసింది. తిరిగి చూస్తే బావగారు వస్తున్నారు. నేను ఆపుకోలేక నవ్వేశాను. ఆయన, పాపం, జలపాతం చూసి ముచ్చట పడుతున్నాననుకుని సంతోషించారు.

దిగేటప్పుడు వ్యానులో బావగారు డ్రైవరు పక్కన, మధ్య సీట్లో అక్కా నేనూ, వెనక అత్తయ్యా మా ఆయనా. మొదటి మలుపు తిరగగానే చెప్పేశాను. రేపటి నుంచి తువ్వాళ్ళమ్మ దగ్గర పనికి వెళ్తున్నానని, అక్కని కూడా రమ్మందని.  అందరూ ఒక్కసారి మొదలెట్టారు. నేను మధ్యాహ్నం తినకుండా కూర్చోవాలా అని అత్తయ్య. వెళ్తే వెళ్ళనీ అమ్మా, ఇంట్లో ఉంటే నన్ను తినేస్తోందని మా ఆయన. ఇన్నేళ్ళ కష్టం తరవాత మళ్ళీ ఆ దుమ్ములోకి ఎందుకమ్మా అని బావగారు. ఆయన గొంతులో కోపం లేదు, నొచ్చుకున్నారంతే.

ఆ తరవాత రోడ్డు మీంచి చూపు తిప్పకుండా ఆయన అన్నారు. "నీ సంగతి చెప్పవోయ్. నువ్వూ వెళ్తానంటావా?"

అడిగింది అక్కని. అక్కకి కనబడుతున్నది ఆయన తల వెనక భాగం మాత్రమే. ఏదో అడిగారని మాత్రం మా అందరి మొహాలు చూసి తెలుసుకుంది. ఆ చిన్న నవ్వు పెదవుల మీదికి వచ్చేసింది. తరవాత వచ్చే మాట నాకు తెలుసు. నేను ప్రశ్నని పెదవులతో అందించడానికి ఆవిడ వైపు తిరిగాను.

అక్క నావైపు చూడలేదు. ముందుకి వంగి, బావగారి భుజం తట్టింది.

"ఇటు తిరిగి అడగండి. నాకు వెనక నుంచి వినబడదు."

షెడ్డులో మాదిరిగా గట్టిగా అంది. డ్రైవరు ఉలిక్కిపడి వేగం తగ్గించాడు.  బావగారు సీట్లో పూర్తిగా వెనక్కి తిరిగారు. అక్క మొహాన్ని ఎన్నాళ్ళకో చూస్తున్నట్టు చూశారు. ఎప్పటి నుంచి అని అడిగారు, మెల్లగా, ఒక్కో అక్షరం విడదీసి. చాలా కాలం నుంచి అంది అక్క. నాకెందుకు చెప్పలేదన్నారు. మీరు ఎప్పుడూ ముందు నడుస్తారు కదా అంది.

ఆయన సీటు వీపు పట్టుకుని ఇంకాస్త దగ్గరగా వంగారు. తరవాత మొదటి ప్రశ్న మళ్ళీ అడిగారు.

"వెళ్తాను," అంది అక్క. "చెల్లితోపాటు రేపే వెళ్తాను. మధ్యాహ్నానికి అన్నీ వండి పెట్టే వెళ్తాం. వడ్డించుకోవడం మీరు నేర్చుకోండి."

అత్తయ్య ఏదో గొణిగింది. అక్క వెనక్కి తిరిగి, ఇంకోసారి చెప్పండత్తయ్యా అంది. అత్తయ్య రెండోసారి చెప్పలేదు.

ఘాటు రోడ్డులో అలా వెనక్కి తిరిగి కూర్చుంటే వాంతులవుతాయి సార్ అని డ్రైవరు హెచ్చరించాడు. పర్లేదు, మీరు పోనివ్వండి అన్నారు బావగారు. తువ్వాళ్ళమ్మ ఎలాంటి మనిషి, షెడ్డుకి గాలీ వెలుతురూ ఉన్నాయా, ముక్కుకి గుడ్డ కట్టుకుంటారా అని ఒక్కొక్కటే, వరసలో, అక్క మొహంలోకి చూస్తూ అడుగుతూనే ఉన్నారు.