శుద్ధమైన సగం

పరిశోధనశాలలో అందరూ ఆమెను అతుకులమ్మ అనేవారు. మొదట ఎవరో వేళాకోళానికి అన్నారు. తర్వాత అదే స్థిరపడిపోయింది. చివరికి భర్త కూడా తన ఫోన్లో ఆ పేరే పెట్టుకున్నాడు. పేరులో అబద్ధమేమీ లేదు. జంతువు రక్తంలోంచి తీసిన డీఎన్ఏను యంత్రం ముక్కలు ముక్కలుగా చదివి పడేస్తే, ఆ ముక్కలన్నిటినీ ఒకదాని పక్కన ఒకటి పేర్చి, ఆ జంతువు జన్యుక్రమాన్ని మొదటి అక్షరం నుంచి చివరి అక్షరం దాకా నిలబెట్టడమే ఆమె ఉద్యోగం. దాన్నే వాళ్లు జీనోమ్ అంటారు. చాలా భాగం కంప్యూటరే పేరుస్తుంది. మిగిలింది కళ్లతో చేయాలి. తెర మీద పెద్ద చదరపు పటం ఒకటి తెరుచుకుంటుంది. ముక్కలు సరిగా కుదిరిన చోట ఎరుపు చిక్కగా కనిపిస్తుంది. కుదరని చోట ఏదో ఒక మూల మచ్చ తేలుతుంది. ఆ మచ్చను బట్టి తప్పిన ముక్కను పట్టుకుని, అవసరమైతే తిరగేసి, దాని చోట దాన్ని కూర్చోబెట్టాలి. పొద్దస్తమానం ఆ ఎర్రగళ్ల దుప్పటి వైపు చూస్తూ కూర్చోవడానికేనా ఇంత చదువు చదివింది అని అక్క ఒకసారి అడిగింది.

అక్క పశువైద్యురాలు. ఊరి చివర, అంతరించిపోతున్న జంతువుల్ని సాకే కేంద్రానికి పెద్ద డాక్టరు. వంశశుద్ధి ఆమెకు ఉద్యోగధర్మం మాత్రమే కాదు, పుట్టుకతో వచ్చిన బుద్ధి. వీధిలో కుక్కపిల్ల కనిపించినా దాని తల్లి ఎవరని ఆరా తీస్తుంది. చెల్లెలు ఒక ఫ్రిజ్ మెకానిక్‌ను పెళ్లి చేసుకుంటానన్న రోజు అక్క అడిగిన మొదటి ప్రశ్న, అతని తాత పేరేమిటని. ఆ సంగతి అతనికే తెలియదని తేలింది. అక్క పెళ్లికైతే వచ్చింది గానీ, అప్పటి నుంచి అతన్ని "మరిది గారూ" అని ఎంత మర్యాదగా పిలుస్తుందంటే, ఆ మర్యాద దాటి ఇవతలికి రావడం అతనివల్ల కాలేదు.

అక్క కీర్తికి కారణం దొరసాని. కొండల్లో తిరిగే ఒక జాతి అడవిపిల్లులు దాదాపు కనుమరుగైపోయాయి. కేంద్రంలో ఒక ముసలి మగపిల్లి, ఒక ఆడపిల్లి మిగిలాయి. మగది తిండి వేళకు తప్ప కళ్లు తెరిచేది కాదు. అక్క దాని తిండి మార్చింది, గూడు మార్చింది, గూట్లో వెలుతురు మార్చింది. ఏళ్ల తరబడి అలా పాటుపడగా ఒక వసంతంలో ఆడపిల్లి ఈనింది. పుట్టింది ఒకే ఒక కూన. దాని నడకలోని దర్జా చూసి దొరసాని అని పేరు పెట్టారు. కళ్లు అచ్చం తండ్రివేనని అక్క చూసినవాళ్లందరికీ చెప్పింది. ఆ ముసలి పిల్లిలో మళ్లీ వయసు ఎలా చిగురించిందో వివరిస్తూ ఊరూరా ఉపన్యాసాలిచ్చింది. తర్వాత కొన్నాళ్లకు ఆ ముసలిది పోయింది, తల్లీ పోయింది. వాటి రక్తం మాత్రం పరిశోధనశాల ఫ్రీజర్లలో మిగిలింది. అందులోనూ తండ్రి రక్తం ఉన్న ఫ్రీజర్ ఒక ఎండాకాలం చెడిపోయి, లోపలున్నదంతా కరిగి పాడైపోయింది. దాన్ని బాగుచేయడానికి వచ్చిన మెకానిక్కే ఇప్పుడు అతుకులమ్మ భర్త. అక్క లెక్కలో ఆ ఫ్రీజర్ చేసిన నష్టాలు రెండు.

దొరసాని జీనోమ్ తయారుచేయాలని నిర్ణయించింది పరిశోధనశాల అధిపతి. ఆయన్ని అందరూ పెద్దాయన అంటారు. దేశదేశాల శాస్త్రజ్ఞులు కలిసి అన్ని జంతువులకూ మేలురకం జీనోములు సిద్ధం చేస్తున్నారు. ఆ జాబితాలో ఈ అడవిపిల్లి గడి ఇంకా ఖాళీగా ఉంది. ఆ గడిని తాము నింపాలని ఆయన కోరిక. అక్క సంతోషంగా ఒప్పుకుంది. ఈ జాతికి ఇంతకంటే శుద్ధమైన ప్రతినిధి ప్రపంచంలో మరొకటి దొరకదని రాసి మరీ సంతకం పెట్టింది.

అతుకులమ్మ నెలల తరబడి శ్రమపడటానికి సిద్ధపడే పని మొదలుపెట్టింది. ఏ జంతువులోనైనా జన్యుక్రమానికి రెండు ప్రతులుంటాయి, ఒకటి తల్లి నుంచి వచ్చింది, ఒకటి తండ్రి నుంచి వచ్చింది. ఈ పనిలో ప్రాణం తీసేది ఆ రెండింటినీ విడదీయడమే. రెండు ప్రతులూ ఇంచుమించు ఒకేలా ఉంటాయి కాబట్టి, ఏ ముక్క ఎవరిదో తేలక ఒకదానిలో ఒకటి చొరబడతాయి. అందులోనూ అంతరించిపోతున్న జాతుల్లో మిగిలినవన్నీ దగ్గర చుట్టాలే. ఈ పని చేసిన ప్రతిసారీ ఆమెకు మెడనొప్పి పట్టుకునేది.

ఈసారి మెడనొప్పి రాలేదు. తల్లి ముక్కలు ఒక పక్కకీ, తండ్రి ముక్కలు ఒక పక్కకీ నూనె, నీళ్లలా విడిపోయాయి. ప్రతి క్రోమోజోమూ ఈ కొస నుంచి ఆ కొస దాకా ఒక్క ఖాళీ లేకుండా వచ్చింది. తెర మీది పటంలో వెతికినా మచ్చ లేదు. నాణ్యత పరీక్షించే విదేశీ బృందం ఇంత చక్కని పిల్లి జీనోమ్‌ను తాము చూడలేదని మెచ్చుకుంది. పెద్దాయన ఆ మాటల్ని అచ్చు వేయించి వరండా గోడకు అంటించాడు. సహోద్యోగులు వచ్చి అభినందిస్తుంటే అతుకులమ్మ నవ్వుతూనే ఉంది గానీ లోపల ఏదో అనుమానంగానే ఉంది. పని ఇంత సులువుగా అయిందంటే తన పనితనమే కారణమని నమ్మేంత అమాయకురాలు కాదు.

తల్లీ తండ్రీ ఒకరికొకరు ఎంత దూరమైతే వాళ్ల ప్రతులు అంత తేలిగ్గా విడిపోతాయి. ఇవి మరీ దూరంగా ఉన్నాయి. తల్లి సగాన్ని ఫ్రీజర్లోని తల్లి రక్తంతో పోల్చింది. నూటికి నూరుపాళ్లు సరిపోయింది. తండ్రి రక్తం ఎలాగూ లేదు కాబట్టి, తండ్రి సగాన్ని మొదట మామూలు పెంపుడు పిల్లి జీనోమ్‌తో పోల్చి చూసింది. ఆ సగం వచ్చి దాని మీద, కొలిచి కుట్టిన చొక్కాలా కూర్చుంది.

ఆమెకు అప్పుడు బూజుగాడు గుర్తుకొచ్చాడు. బూజు రంగులో ఉండే ఆ మగపిల్లి అక్కకు ప్రాణం. పిల్లలు లేని అక్క వాడిని "మా అబ్బాయి" అనేది. రోజూ బుట్టలో పెట్టుకుని కేంద్రానికి తీసుకెళ్లేది. ఆమె పని చూసుకునేంత సేపు వాడు ఆవరణలన్నీ తిరిగొచ్చేవాడు. పరిశోధనశాలకు కొత్త యంత్రం వచ్చినప్పుడు, దాన్ని సరిచూసుకోవడానికి ఏదో ఒక పిల్లి రక్తం కావాలంటే, అక్క ఎంతో గర్వంగా వాడి రక్తమే ఇచ్చింది. ఆ ఫలితం కంప్యూటర్లో ఒక మూల పడి ఉంది. అతుకులమ్మ దాన్ని వెలికి తీసి దొరసాని తండ్రి సగం పక్కన పెట్టింది. బిడ్డకు తండ్రి నుంచి వచ్చే ప్రతి, ఆ తండ్రిలోని రెండు ప్రతుల నుంచి కాస్త కాస్త తీసుకుని అల్లినట్టుంటుంది. ఇదీ అలాగే ఉంది. ఎక్కడ ఒక ప్రతి వదిలి రెండోదానికి దాటిందో కూడా తెలిసిపోతోంది. వెతకబోతే పరాయి ముక్క ఒక్కటి లేదు.

ఆమె కంప్యూటర్ కట్టేసి, మళ్లీ తెరిచి, మళ్లీ చూసింది. అప్పటికీ తండ్రి బూజుగాడే.

ఇంటికి వెళ్లి భర్తకు చెప్పింది. అతను అన్నం కలుపుకుంటున్న చేయి ఆపి అంతా విన్నాడు. అక్క మీద అతనికున్న పాత కోపం తీర్చుకోవడానికి ఇంతకంటే మంచి సందర్భం రాదని ఆమెకు తెలుసు. ఏమంటాడోనని బిక్కుబిక్కుమంటూ చూసింది. అతను చాలాసేపు చుట్టరికాలు లెక్కగట్టి, "బూజుగాడు మీ అక్క కొడుకైతే, దొరసాని ఆమెకు మనవరాలు. అంటే నువ్వు చిన్న నాయనమ్మవి" అన్నాడు. తర్వాత గంభీరంగా, ముందు మీ అక్కకే చెప్పు, ఆఫీసులో కాదు అన్నాడు.

ఆమె ఆ మాట వినలేదు. పద్ధతి ప్రకారం మర్నాడు పెద్దాయన గదికే వెళ్లింది. ఆయన అప్పటికే పత్రికలవాళ్లను పిలిచి ఉన్నాడు. విన్నంతసేపూ కళ్లజోడు తుడుచుకుంటూనే ఉన్నాడు.

"నాణ్యతలో లోపమేమన్నా ఉందా?" అన్నాడు చివరికి.

"లేదు సార్. నాణ్యత ఉండబట్టే తెలిసింది."

"పోనీ, కొంచెం తక్కువ నాణ్యతతో చేస్తే?"

రెండు సగాలనూ కలిపేసి ఒకే ప్రతిగా, పాత రోజుల్లో చేసినట్టు చేస్తే ఎవరికీ ఏమీ తెలియదని ఆయన ఉద్దేశం. ఇన్నేళ్లుగా ఒక్క ఖాళీ కనిపించినా రెచ్చిపోయి అందరినీ నిలబెట్టి చీవాట్లు పెట్టిన మనిషి, ఇప్పుడు అక్కడక్కడా నాలుగు ఖాళీలు వదిలితే బాగుంటుందని బతిమాలుతున్నాడు. అతుకులమ్మకు నవ్వు రాలేదు, కోపమూ రాలేదు. అతికినదాన్ని విప్పడం తనకు రాదని మాత్రం చెప్పింది. ఆయన ఆలోచించుకుందామని, పత్రికలవాళ్ల సమావేశాన్ని వాయిదా వేశాడు.

అదే రోజు సాయంత్రం ఆమె కేంద్రానికి వెళ్లింది. అక్క మందుల గదిలో చేతులు కడుక్కుంటోంది. సంగతి విని, చేతులు తుడుచుకోవడం కూడా మరిచిపోయింది. మీ గొట్టాల్లో బూజుగాడి రక్తం కలిసిపోయి ఉంటుందని మొదట తేలిగ్గా కొట్టిపారేసింది. కలవలేదని చెల్లెలు అంటే, నువ్వు నన్ను ఎప్పుడూ మంచిగా చూసింది లేదని, నీ పెళ్లినాటి మాటలు ఇంకా మనసులో పెట్టుకున్నావని విరుచుకుపడింది. చెల్లెలు మాటకు మాట అనకుండా, కావాలంటే నువ్వే మళ్లీ రక్తం తీసివ్వు, గొట్టం మూత కూడా నువ్వే బిగించు అంది.

అక్క అలాగే చేసింది. దొరసాని చేతిని గీరినా లెక్కచేయకుండా తనే రక్తం తీసింది. తనే మూత బిగించి, తనే తెచ్చి, యంత్రంలో పెట్టేదాకా పక్కనే నిలబడింది. ఫలితం వచ్చేదాకా చెల్లెలితో మాట్లాడలేదు. ఫలితం మారలేదు.

అతుకులమ్మ ఆ ఫలితం పట్టుకుని అక్క ఇంటికి వెళ్లేసరికి బూజుగాడు సోఫా మీద వెల్లకిలా పడుకుని నిద్రపోతున్నాడు. అక్క వాడి ఎదురుగా కుర్చీ వేసుకుని కూర్చుంది. ఆమె మొహం ఒక్కసారిగా పదేళ్లు పెద్దదైనట్టుంది.

"ఇన్ని ఊళ్లలో చెప్పానే," అంది. "ముసలాడి తిండిలో ఏం కలిపానో, వెలుతురు ఎంత పెట్టానో. అందరూ రాసుకున్నారు. కొంతమంది వాళ్ల పిల్లులకు పెట్టి చూస్తున్నారు కూడా."

చెల్లెలు వెళ్లి అక్క పక్కన కింద కూర్చుంది. చిన్నప్పుడు తను తప్పు చేస్తే అక్క అలాగే కూర్చుని తల నిమిరేది. ఇప్పుడు అక్క తల నిమరడానికి చేయి పోలేదు. ఊరికే మోకాలి మీద చేయి వేసి ఉంచింది. కాసేపటికి అక్క, మరిది గారు నవ్వుకున్నారా అని అడిగింది. లేదక్కా, ముందు నీకే చెప్పమన్నారు, నేనే వినలేదు అంది చెల్లెలు. అక్క మళ్లీ బూజుగాడి వైపు తిరిగింది.

చివరికి దాచకుండా ప్రకటించాలని గట్టిగా పట్టుబట్టింది అక్కే. పెద్దాయన నీళ్లు నమిలాడు గానీ, సంతకం వెనక్కి తీసుకుంటానని ఆమె అనేసరికి దారికొచ్చాడు. జీనోమ్‌ను ఉన్నదున్నట్టుగా, ఏ సగం ఎవరిదో చెబుతూ బయటపెట్టారు. నవ్వినవాళ్లు నవ్వారు. కానీ కొద్ది రోజులకే శాస్త్రజ్ఞులకు ఇంకో సంగతి తట్టింది. శుద్ధమైన అడవిపిల్లుల నుంచి అంతకుముందు పాత పద్ధతిలో తీసిన జీనోములన్నిటిలోనూ రెండు ప్రతులు కలగాపులగమై చిక్కులుగా ఉన్నాయి. దొరసానిలో మాత్రం తల్లి సగం, తండ్రి వేరే జాతివాడు కాబట్టి, నిఖార్సుగా విడిపోయి నిలిచింది. ఈ జాతికి ఇంతకంటే శుద్ధమైన జీనోమ్ మరొకటి దొరకలేదు. ఇక నుంచి ఈ జాతి అడవిపిల్లి దేన్ని పరీక్షించినా ఈ సగంతోనే పోల్చి చూస్తారని తీర్మానం జరిగింది. కలిసిపోయిన రక్తం వల్లే అసలు రక్తం తేటగా కనిపించిందన్నమాట. పెద్దాయన అచ్చు కాగితాలు మళ్లీ వరండాకెక్కాయి.

దొరసానికి మాత్రం అంత మర్యాద దక్కలేదు. శుద్ధమైనది కానప్పుడు కేంద్రంలో దానికి ఆవరణ ఎందుకు, తిండి దండగ అని నిర్వాహకులు సమావేశం పెట్టారు. అతుకులమ్మను కూడా పిలిచారు. జాతి నిబంధనలు చదివి వినిపించారు. ఆ నిబంధనలన్నీ ఒకప్పుడు అక్క రాసినవే. అక్క తన మాటలే తనకు చదివి వినిపిస్తుంటే కదలకుండా వింది. తర్వాత లేచి నిలబడింది.

"ఎవరికి పుట్టిందో చూసి అన్నం పెడతామంటే నేను ఈ ఉద్యోగం చేయను. అది ఇక్కడ పుట్టింది, ఇక్కడే ఉంటుంది."

దొరసాని ఆవరణ దొరసానికే ఉంచారు. అయితే చుట్టూ కంచె కొత్తగా, సన్న కన్నాల వలతో వేయించారు. బూజుగాడికి కేంద్రంలోకి ప్రవేశం నిషేధించారు.

ఆ తర్వాత ఒక రోజు అక్క చెప్పాపెట్టకుండా పరిశోధనశాలకు వచ్చి, ఆ ఎర్రగళ్ల దుప్పటి తనకూ ఒకసారి చూపించమంది. అతుకులమ్మ తెర తెరిచి తల్లి సగం చూపించింది. ప్రపంచమంతా వాడుకుంటున్నది ఇదేనని చెప్పింది. అక్క అలా చూసి తల ఊపింది. ఆమె కళ్లు రెండో సగం కోసం వెతుకుతున్నాయి. చెల్లెలు అదీ తెరిచింది. అక్క కుర్చీ ముందుకు జరుపుకుని, కళ్లజోడు సవరించుకుని, పై మూల నుంచి కింది మూల దాకా నెమ్మదిగా చూసుకుంటూ వచ్చింది.

"ఇందులో ఒక్క మచ్చయినా లేదే," అంది.

"లేదక్కా. ఆ సగం కూడా చక్కగా వచ్చింది."

"వస్తుంది మరి," అంది అక్క, వెనక్కి వాలి కూర్చుంటూ. "మా అబ్బాయిది కదా."