ఆమె అలా అనలేదు

ఎండుమిరపకాయలు మాడకుండా వేయించడం ప్రేమమణికి అలవాటైన పనే. కానీ ఆ శనివారం పెద్ద మూకుడులో ఆమె వేయిస్తున్నవి ఇంటి కోసం కాదు, బెత్లెహేముకు పట్టుకెళ్ళే కారప్పొడి కోసం. పద్మారావు నగర్‌లోని వాళ్ళ చర్చి నుంచి ఒక బృందం ఇశ్రాయేలుకు, పాలస్తీనాకు బయలుదేరుతోంది. పవిత్ర స్థలాలు చూసి రావడానికే కాదు, రెండు వైపులా బిడ్డల్ని పోగొట్టుకున్నవాళ్ళు ఒకచోట కూర్చుని శాంతి కోసం ఏం చేస్తున్నారో తెలుసుకోవడానికి. బృందానికి నాయకుడు ఆమె భర్త జీవరాజు, రైల్వేలో ఆఫీసు సూపరింటెండెంటు. ప్రేమమణి పేరు ఆఖర్న చేరింది. "అక్కడి తిండి పాస్టరుగారికి పడదు. నువ్వుంటే పొడులు, పచ్చళ్ళు చూసుకుంటవ్" అన్నాడు జీవరాజు. ఏళ్ళ తరబడి హైస్కూల్లో ఇంగ్లీషు చెబుతున్న మనిషికి ఆ మాట గుచ్చుకుంది. అయినా వెళ్ళాలని ఉంది కాబట్టి ఊరుకుంది.

ఊరుకోవడం ఆమెకు కొత్త కాదు. "మా కోడలు నోరెత్తదు, అందుకే మా ఇంట్ల ఇంత సమాధానం" అని అత్తగారు జ్ఞానమణి వచ్చినవాళ్ళందరితో అంటుంది. చర్చిలో సమాధానం అంటే శాంతి, బడిలో సమాధానం అంటే జవాబు. ఇంట్లో మొదటిది నిలబెట్టడానికి రెండోదాన్ని తానే మింగుతూ వచ్చానని మిరపకాయలు కలుపుతూ అనుకుంది ప్రేమమణి. తుమ్ములతో కళ్ళు నీళ్ళయ్యాయి. మిరపకాయల ఘాటు ఒక్కటే కారణం కాదు.

బెత్లెహేములో వాళ్ళు దిగిన సత్రం హాల్లో ఇద్దరు తల్లులు మాట్లాడటానికి వచ్చారు. యూదురాలు దలియా కొడుకు బస్సులో పేలిన బాంబుకు చనిపోయాడు. పాలస్తీనా ఆవిడ సమీరా కూతురు బడి నుంచి వస్తూ సైనికుల తూటాకు పోయింది. ఇద్దరూ ఇంగ్లీషులో చెబుతుంటే, ఇంగ్లీషు రానివాళ్ళ కోసం జీవరాజు తెలుగులో చెబుతున్నాడు. ప్రేమమణిని టీ చూడమన్నాడు. ఆమె వెనక నిలబడి కప్పుల్లో టీ పోస్తూ వింటోంది.

మొదటిసారి దలియాను చూసినప్పుడు తన కోపమంతా ఆమె మొహం మీదే చెప్పేశానని సమీరా అంది. దలియా లేచి వెళ్ళిపోలేదట, కూర్చుని విన్నదట. తర్వాత దలియా చెబితే సమీరా విన్నది. వాళ్ళ స్నేహం అక్కడే మొదలైంది.

జీవరాజు గొంతు సవరించుకున్నాడు. దేవుడు సమీరా కోపం తీసేశాడనీ, ఆమె ఒక్క మాట అనకుండా మౌనంగా క్షమించిందనీ చెప్పాడు. అందరూ స్తోత్రం అన్నారు.

ప్రేమమణి చేతిలో కెటిల్ ఆగిపోయింది. ఒకప్పుడు హెడ్‌మిస్ట్రెస్ పోస్టు గురించి స్కూలు కరస్పాండెంటు ఇంటికి ఫోన్ చేశాడు. ఫోన్ ఎత్తింది జీవరాజు. "లేదండి, ఆమెకిష్టం లేదు. ఇల్లు చూసుకుంటే చాలంటది" అన్నాడు. ఆయన లంచ్ బాక్స్ చేతిలో పట్టుకుని ఆమె పక్కనే ఉంది. తనకు బదులు ఆయన చెప్పిన మాట ఆమె మాటగా ఊరంతా చెలామణి అయింది. ఆమె మాట ఏమిటో ఎవరూ అడగలేదు, ఆమె చెప్పనూ లేదు.

"ఆమె అట్ల అనలేదండి."

తన గొంతేనా అని ప్రేమమణికే అనుమానం వచ్చింది. అందరూ వెనక్కి తిరిగారు. కెటిల్ కింద పెట్టి, సమీరా అన్నది అన్నట్టుగా చెప్పింది. గాంధీ ఆస్పత్రిలో ఆయాగా చేసిన సువార్తమ్మ, "మిగిలింది సుత నువ్వే చెప్పు టీచరమ్మా" అంది. సమీరా తన పక్కన కుర్చీ జరిపింది.

ఆఖర్న పాస్టరు జకర్యాగారు, క్షమించారా అని సమీరాను అడిగారు. ఆమె జవాబును ప్రేమమణి తెలుగులో చెప్పింది: "క్షమించానని ఇంకా అనలేను. రేపు మళ్ళీ వచ్చి ఈమె పక్కన కూర్చుంటానని మాత్రం అనగలను." సువార్తమ్మ కొంగుతో కళ్ళు తుడుచుకుంది.

ఆ సాయంత్రం పవిత్ర స్థలాలు చూడటానికి వెళ్తుంటే బస్సులో జీవరాజు మెల్లగా అన్నాడు. "నలుగుర్ల నా ఇజ్జత్ తీసినవ్."

మామూలుగా అయితే తప్పయిందనేది. ఈసారి, "ఇంటికి పోయినంక మాట్లాడుకుందాం" అంది. ఆయన కిటికీ వైపు తిరిగాడు. మర్నాటి నుంచి ప్రతి సమావేశంలో ప్రేమమణినే చెప్పమని పాస్టరుగారు అడిగారు. జీవరాజు అడ్డు చెప్పలేదు, ఆమెతో మాట్లాడనూ లేదు.

సికింద్రాబాద్ చేరిన తర్వాతి ఆదివారం, చర్చి నుంచి వచ్చి భోంచేశాక ప్రేమమణి గిన్నెలు తీయలేదు. జీవరాజు ఎదురుగా కూర్చుంది. జూన్‌లో ఆ హెడ్‌మిస్ట్రెస్ పోస్టు మళ్ళీ ఖాళీ అవుతోంది.

"అప్పుడు నాకిష్టం లేదని మీరు చెప్పిన్రు. నేను అనలే. నాకు చాలా ఇష్టముండె. రేపు పోయి నా మాట నేనే చెప్పుకుంటా."

"మంచిగున్న ఇంట్ల లొల్లి షురూ చేస్తున్నవ్" అన్నాడు జీవరాజు.

"మంచిగున్నది మీకు. నేను లోపల్లోపల కోపం పెట్టుకొనే ఇన్నేండ్లు వండి పెట్టిన. మీకు కోపముంటే సుత చెప్పండి, వింటా. కానీ నాది సుత వినాలె."

జీవరాజు లేచాడు. అలవాటుగా తల్లి వైపు చూశాడు. జ్ఞానమణి ఎంగిలిచెయ్యి కడుక్కోకుండా కంచం ముందు అట్లాగే కూర్చుని ఉంది. కోడల్ని కాసేపు తేరిపార చూసింది.

"కూర్చోరా" అంది.

అతను కూర్చున్నాడు.

"ముందు ఆమెది మొత్తం చెప్పనియ్యి. అది అయినంక నాదుంది, మీ నాయన ఉన్నప్పటిది."