ఆదివారం పెరుగు

ఉప్పెన వచ్చిన పదకొండో ఏడు అది. మా పెనుమూడిలో ఏ లెక్కయినా ఉప్పెన నుంచే. మా అమ్మాయి జయలక్ష్మి ఎప్పుడు పుట్టిందంటే, ఉప్పెనకి ఏడేళ్ళ ముందు అంటాం.

ఉప్పెనలో మా గొడ్లు నాలుగూ పోయినయ్. నీళ్ళు తీసినాక మా ఆవిడ సుబ్బాయమ్మ ఎక్కడికో వెళ్ళి ఒక పెయ్యదూడని తోలుకొచ్చింది. ఈ ఏడు మా పాకలో ఉన్న గేదె దాని బిడ్డ.

సుబ్బాయమ్మ ఆ ఏడు ఆషాఢంలో పోయింది. వారం రోజులు మంచంలో ఉంది. ముందు రోజు నాతో రెండు మాటలు చెప్పింది. గేదెను అమ్మొద్దంది. పిల్లకి పెరుగు మానిపించొద్దు, దానిది వేడి ఒళ్ళు అంది. నేను సరేనన్నా. ఏడుపు రాలేదు. దినాలకి వచ్చినవాళ్ళు నా మొకం వంక చూసి తల తిప్పుకున్నారు. అందరూ వెళ్ళినాక పాకలోకెళ్ళి పాలు తీశా.

జయ అప్పటికి బాపట్లలో టీచరు ట్రైనింగు చదువుతోంది. హాస్టల్లో ఉండేది. తల్లి దినాలయిన మూడో రోజు వెళ్ళిపోయింది. ఆ హాస్టల్లో మజ్జిగంటే బియ్యం కడిగిన నీళ్ళని అది చెప్పేది. నేను ఆదివారం ఆదివారం పెరుగు తీసుకెళ్ళడం మొదలుపెట్టా.

పెరుగు పెట్టడం నాకు రాదు. ఇంట్లో అది ఆడవాళ్ళ పని. మొదటి రెండు వారాలు పెరుగు నీళ్ళు నీళ్ళుగా విరిగిపోయింది. తర్వాత చేతికొచ్చింది. పిడకల దాలి మీద పాలు పొద్దుటి నుంచి మధ్యాహ్నం దాకా కాగాలి. మీగడ ఎర్రగా కట్టాలి. సాయంత్రం గోరువెచ్చగా ఉన్నప్పుడు తోడెయ్యాలి. తెల్లారేసరికి గిన్నె వంచినా కదలదు.

గిన్నె మూతికి గుడ్డ కట్టి ఒళ్ళో పెట్టుకునేవాణ్ణి. పెనుమూడి నుంచి రేపల్లెకి బస్సు. రేపల్లెలో రైలు. తెనాల్లో దిగి ఇంకో రైలు. బాపట్ల చేరేసరికి పదకొండు దాటేది.

రేపల్లె రైల్లో అడవులదీవి నుంచి ఎండుచేపల బుట్టలతో ఆడవాళ్ళు ఎక్కేవాళ్ళు.

“ఏం బాబాయ్, కొత్త పెళ్ళికూతుర్లా దాన్ని ఒళ్ళో కూర్చోబెట్టుకున్నావు? కింద పెట్టు, పారిపోదులే,” అనేది ఒకావిడ.

“ఆయన పలకడే. నోట్లో కూడా పెరుగే తోడేసుకున్నాడు, మూత తియ్యడు,” అనేది ఇంకో ఆవిడ.

నేను జరిగి వాళ్ళ బుట్టకి చోటిచ్చేవాణ్ణి. అంతే.

హాస్టల్ వరండాలో ఒక బల్ల ఉండేది. జయ కంచంలో అన్నం తెచ్చుకుని నా ఎదురుగా కూర్చునేది. నేను గిన్నె గుడ్డ విప్పేవాణ్ణి. అది తినేది. తినేదాకా కూర్చునేవాణ్ణి. అది బాగున్నావా అంటే ఆఁ అనేవాణ్ణి. గేదె బాగుందా అంటే ఆఁ అనేవాణ్ణి. మిగతా పెరుగు దాని గిన్నెలోకి వంచి, నా గిన్నె కడుక్కుని, రెండున్నర బండికి వచ్చేసేవాణ్ణి. వాళ్ళమ్మ గురించి ఇద్దరం ఎత్తేవాళ్ళం కాదు.

శ్రావణం వెళ్ళేసరికి దాని మొకం మీద మొటిమలు లేచినయ్. అంతకుముందు ఒకటీ అరా ఉండేవి. ఇప్పుడు బుగ్గల నిండా, గడ్డం కింద, చీము పట్టి. ఒళ్ళు వేడి చేసిందనుకున్నా. సుబ్బాయమ్మ చెప్పింది ఇదేగదా అనుకున్నా. గిన్నె మార్చి పెద్దది పెట్టా. ఒక చిన్న సీసాలో మీగడ వేరే పట్టుకెళ్ళా.

“ఇదేంటి నాన్నా?”

“మొకానికి రాయి. చలవ.”

అది సీసా తీసుకుంది. మా ఇంట్లో మాట్లాడేది వాళ్ళమ్మ ఒక్కతే.

దసరా ముందు నాకు చలిజ్వరం వచ్చింది. మూడు ఆదివారాలు వెళ్ళలేకపోయా. నాలుగో ఆదివారం వెళితే పిల్ల మొకం తేటగా ఉంది. బుగ్గల మీద మచ్చలున్నయ్ గానీ కొత్తవి లేవు. నాకు అనిపించింది, ఇన్నాళ్ళు పెట్టిన చలవ ఇప్పుడు పనిచేసిందని. ఇంటికొచ్చి పాలు ఇంకో శేరు ఎక్కువ కాచా. పొద్దున పూట తాగమని పాలు కూడా సీసాలో పట్టుకెళ్ళడం మొదలుపెట్టా.

కార్తీకంలో ఒక ఆదివారం జయ వరండాలోకి రాలేదు. వార్డెను రాజరాజేశ్వరి గారు వచ్చారు.

“పెరుగు నాన్నగారూ, కూర్చోండి,” అన్నారు. హాస్టల్లో నా పేరు అదే. “మీ అమ్మాయి పదిహేను రోజుల నుంచి బళ్ళోకి వెళ్ళడం లేదండి. ప్రాక్టీసు పాఠాలు నలభై చెప్పాలి. ఆరు చెప్పి ఆపేసింది. నెలాఖరులోపు పూర్తి చెయ్యకపోతే ఈ ఏడు పోయినట్టే. మీకు చెప్పలేదా?”

“లేదండి.”

“మూడో తరగతి పిల్లలు పనసకాయ టీచరని పిలిచారంట. ఎవడో బోర్డు మీద బొమ్మ కూడా వేశాడంట. పిల్లలకేం, రేపటికి మర్చిపోతారు. ఇది మర్చిపోవడం లేదు. ఇంటికి వచ్చేస్తానంటోంది. మీరన్నా చెప్పండి.”

ఆవిడ వెళ్ళి పిల్లని పంపించింది. జయ వోణీ ముక్కు దాకా కప్పుకుని వచ్చింది. నేను గిన్నె గుడ్డ విప్పా. అది అన్నం తెచ్చుకుని, వోణీ తీసి, తిన్నది. మొకం పచ్చిపుండులా ఉంది. తింటూనే అంది.

“చదువు మానేస్తా నాన్నా. ఇంటికొస్తా. వంట చేస్తా.”

“శనివారం తెనాలి రా. డాక్టరు దగ్గరికెళ్దాం,” అన్నా.

తెనాల్లో చర్మం డాక్టరు సాంబశివరావు గారని మా ఊళ్ళో చెప్పారు. శనివారం పొద్దున అది బాపట్ల నుంచి, నేను రేపల్లె నుంచి స్టేషన్లో కలుసుకున్నాం. డాక్టరు గారు పెద్దాయన. జయ మొకాన్ని లైటు కింద అటూ ఇటూ తిప్పి చూశారు.

“ఏం రాస్తున్నావమ్మా?”

“మీగడండి.”

“ఎవరు చెప్పారు?”

జయ నా వంక చూసింది. నేనేనండి అన్నా.

“బాగుంది. మొకమా, గారెల మూకుడా?” అన్నారాయన. “పాలూ పెరుగూ ఎంత తింటావు?”

“ఆదివారం నుంచి బుధవారం దాకా, నాన్న తెచ్చింది అయ్యేదాకా,” అంది జయ.

ఆయన కలం పక్కన పెట్టారు. “చూడండి, పాల వల్లే మొటిమలొస్తాయని నేను కాగితం మీద రాసివ్వలేను. మేం చదువుకున్న పుస్తకాల్లో తిండికీ దీనికీ సంబంధం లేదనే ఉంది. కానీ నా దగ్గరికొచ్చే వాళ్ళల్లో కొందరికి పాలు మానితే తగ్గడం చూశాను. మానినా తగ్గనివాళ్ళూ ఉన్నారు. వయసు కూడా అలాంటిది. మందు రాస్తాను. రెండు నెలలు పాలు, పెరుగు, మీగడ ఆపి చూడండి. పోయేదేం లేదు.”

“పెరుగు చలవ గదండీ,” అన్నా.

“అందరూ అదే అంటారు. చలవ అని గిన్నె పెంచుతారు. మధ్యలో ఎప్పుడన్నా ఆగిందా?”

నేను ఆలోచిస్తున్నా. జయ చెప్పింది. “దసరా ముందు నాన్నకి జ్వరమొచ్చినప్పుడు మూడు వారాలు ఆగిందండి. అప్పుడు తగ్గినయ్.”

నాకు అప్పుడు తెలిసింది, అది చూసుకుందని. నేను కూడా చూశా. చూసి ఇంకోలా అనుకున్నా.

తర్వాత మొటిమలు కొన్ని తగ్గినయ్. పెరుగు మానినందుకో, మందుకో, వయసుకో నాకిప్పటికీ తెలీదు.

ఆ శనివారం స్టేషన్లో దాని బండి ముందు రావాలి. బల్ల మీద కూర్చున్నాం.

“తెలిసీ తిన్నావా?” అన్నా.

“అనుమానంగా ఉండేది.”

“చెప్పొచ్చుగా.”

అది మందుచీటీ మడత పెట్టింది, విప్పింది, మళ్ళీ మడత పెట్టింది. “చెబితే తేవడం మానేస్తావు. పెరుగు లేకపోతే నువ్వు బాపట్ల రావు నాన్నా. వచ్చి ఏం చేస్తావు? నువ్వు మాట్లాడవుగా.”

బండి వచ్చింది. అది ఎక్కి కిటికీ దగ్గర కూర్చుంది. మొకం మీద వోణీ.

“పెరుగు లేకుండా వస్తావా రేపు?” అంది.

సుబ్బాయమ్మ మాట గుర్తుకొచ్చింది. మానిపించొద్దంది, నేను సరేనన్నా. బండి కదిలింది. పిల్ల ఇంక బయటికి చూడలేదు. అది బళ్ళోకి వెళ్ళదని, పెట్టె సర్దుకుని ఇంటికొచ్చేస్తుందని అప్పుడు నాకు అనిపించింది. వంట చేస్తుంది. ఇద్దరం ఎదురూ బొదురూ కూర్చుని తింటాం.

ఇంటికొచ్చేసరికి సాయంత్రమైంది. పక్కింటావిడ పొద్దుటి పాలు దాలి మీద కాచి ఉంచింది. చెయ్యి దానంతటది వెళ్ళి తోడేసింది. వేసినాక గుర్తొచ్చింది.

తెల్లారి లేచి పాలు తీశా. గిన్నె చూశా. పెరుగు గట్టిగా తోడుకుంది. మూతికి గుడ్డ కట్టలేదు. రేవుకి పట్టుకెళ్ళా. పడవ నడిపే జకరయ్య పళ్ళు తోముకుంటున్నాడు.

“ఏంటి బాబాయ్, ఇవాళ ఆదివారం గదా, ఇటొచ్చావు? దారి తప్పావా?”

“తిను.”

“నేనా? ఇది బాపట్ల సరుకు గదా. ఎవరన్నా చచ్చిపోయారా ఏంటి?” అని, నాలిక్కరుచుకుని, గిన్నె అందుకున్నాడు. “పిన్ని చేతి పెరుగులాగే ఉంది,” అన్నాడు.

నేను బస్సెక్కా. రేపల్లె రైల్లో చేపలామె నా ఒళ్ళోకి చూసింది. “అయ్యో, పెళ్ళికూతురేది బాబాయ్?” అంది. ఇంకోరోజయితే ఊరుకునేవాణ్ణి. “ఇవాళ రాలేదు,” అన్నా. వాళ్ళు ఒకరి మొకాలొకరు చూసుకున్నారు. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలీక తెనాలి దాకా మోకాళ్ళ మీద పెట్టుకు కూర్చున్నా.

జయ వరండాలోకి వచ్చి ముందు నా చేతులు చూసింది. తర్వాత నా మొకం చూసింది. లోపల గది గుమ్మం దగ్గర దాని పెట్టె సర్ది ఉంది. అది నా ఎదురుగా కూర్చుంది. కంచం లేదు.

“ఏడో పాఠం ఏంటి?” అన్నా.

“వాన ఎలా కురుస్తుందో. మూడో తరగతిది.”

నేను బడి మానేసింది మూడో తరగతిలోనే. ఆ పాఠం విన్నానో లేదో గుర్తులేదు.

“చెప్పు.”

“ఎవరికి? నీకా?”

“లేచి నిలబడి చెప్పు.”

అది అటూ ఇటూ చూసింది. బట్టలారేస్తున్న పిల్లలిద్దరు ఆగిపోయారు. లేచింది. వోణీ జారితే సర్దుకోలేదు. ఎండకి సముద్రం నీళ్ళు ఆవిరై పైకి పోతయ్యంది, మబ్బు కడతయ్యంది, చల్లగాలి తగిలితే కురుస్తయ్యంది. చేత్తో గాల్లో బొమ్మ వేసి చూపించింది. మొదట్లో గొంతు వణికింది, మబ్బు కట్టేసరికి సర్దుకుంది.

“అర్థమైందా?” అంది.

“సముద్రం ఉప్పు గదా. మరి వాన చప్పగా ఎందుకుంటుంది?” అని అడిగా.

అది నా వంక చూసింది. “ఉండు, అది రాసుకోలేదు,” అని లోపలికెళ్ళింది. పెట్టె తెరిచి పుస్తకం తీస్తుంటే నేను బల్ల మీద కూర్చునే ఉన్నా.