అక్క చెంప మీది మచ్చ

పొద్దున్నే షాపు తలుపులు తీసి, సీసాలు తుడిచి, గల్లా దగ్గర కూర్చోవడం చెల్లెలి పని. తెర వెనక గదిలో రాతి కల్వం ముందేసుకుని మంజిష్ఠ వేర్లూ కస్తూరి పసుపూ మెత్తగా నూరడం అక్క పని. ఆ లేపనం రాసుకున్నవాళ్ళ మచ్చ మాయమై, గంట తిరిగేలోపు నూరినవాళ్ళ ఒంటి మీదికి చేరుతుంది. ఇది వీధి వీధంతటికీ తెలిసిందే. ఎదురింటి టైలరమ్మ అయితే లోపలికి తొంగిచూసి, తన మొటిమ అక్క మోచేతి మీద కులాసాగా ఉందో లేదో కనుక్కుని మరీ వెళ్తుంది.

అక్క చేతుల నిండా వీధివాళ్ళ మచ్చలే. ఎడమ చెంప మీది అరచేయంత నల్లమచ్చ మాత్రం చెల్లెలిది, పుట్టుకతో వచ్చింది. పదిహేడో ఏట కాలేజీలో గ్రూపు ఫోటో అంటే, నాలుగు రోజులకే అని బతిమాలి అక్కకిచ్చింది. ఫోటో వచ్చింది. తర్వాత పరీక్షలు, తర్వాత పెళ్ళి, తర్వాత ఇంకేదో. ఇరవై ఏళ్ళు గడిచిపోయాయి. అద్దం చూసుకున్నప్పుడల్లా దొంగసొత్తు పెట్టుకు తిరుగుతున్నట్టే ఉండేది. అయినా రోజూ చూసుకునేది.

పోయిన వారం ఒక పెద్ద కంపెనీ మేనేజరు సరుకు చూడ్డానికి వచ్చాడు. అడిగినదానికి చెల్లెలు ఎప్పట్లాగే ముక్తసరిగా జవాబు చెప్తోంది. ఇంతలో తెర వెనకనుంచి అక్క, టైలరమ్మ గొంతు పెట్టి ఆవిడ మొటిమ కష్టాలన్నీ ఏకరువు పెట్టింది. మేనేజరు పగలబడి నవ్వాడు. ఇంత మాటకారి మా కొత్త షాపు కౌంటర్లో ఉంటే సరుకు నిలవదంటూ తెర తీశాడు. అక్క మొహం చూశాడు. చటుక్కున చెల్లెలి వైపు తిరిగి, పోనీ మీరు రండని ఓ కార్డు చేతిలో పెట్టి వెళ్ళిపోయాడు.

"వెళ్ళవే. ఈ మొహం చూశాక క్రీము కొనేదెవరు?" అంది అక్క, తన జోకుకి తనే నవ్వుతూ.

దెప్పిపొడిచినా బాగుండేది. ఆ రోజు చెల్లెలికి అన్నం సహించలేదు.

మర్నాడు అక్క వచ్చేసరికి కల్వం ముందు చెల్లెలు కూర్చుని ఉంది. చేతకాక చీరంతా పసుపు చేసుకుంది. అక్కని కుర్చీలో కూలేసి చెంపకి లేపనం పట్టించింది. ఆరాక కడిగితే చెంప తేటగా ఉంది. అక్క దాన్ని వేళ్ళతో చాలాసేపు తడుముకుంది.

"ఇన్నాళ్ళూ ఎందుకు తీసుకోలేదే?"

మర్చిపోయానని చెప్పొచ్చు. నోటిదాకా వచ్చింది కూడా.

"నాకు బాగుందక్కా. అందుకే," అంది చెల్లెలు.

అక్క గల్లా మీదున్న కార్డు తీసుకుని, సంచీ భుజాన వేసుకుని వెళ్ళిపోయింది.

ఆమె వీధి మలుపు తిరిగే వేళకి చెల్లెలి చెంప మీద మచ్చ దిగడం మొదలైంది. నిప్పు పెట్టినట్టు మండింది. చన్నీళ్ళు కొట్టుకున్నా తగ్గలేదు. ఒక్క మచ్చకే ఇలా ఉంది. అక్కకి రెండు చేతుల నిండా ఉన్నాయి. మంట పుడుతుందని ఇరవై ఏళ్ళలో ఒక్కసారి కూడా చెప్పలేదు.