ల్యాప్‌టాప్‌లో ఉప్పు పాట

గీదం నుంచి బచేలి దాకా జీపులో ఒడిలో పెట్టుకుని తెచ్చిన ల్యాప్‌టాప్‌ని దింపేసరికి సమ్మక్కకు తొడలు తిమ్మిరెక్కాయి. "ఒడిల పెట్టుకునే కంప్యూటరంట. పెట్టుకున్నోళ్లకు తెలుస్తది" అని కాళ్లు చాపుకుని కూర్చుంది.

నాలుగు కిలోల పైమాటే అది. పదిహేడంగుళాల తెర, పైన నాలుగు స్పీకర్లు, పొట్ట కింద లావు చప్పుడుకి ఇంకోటి. ఇది ఇంట్లో ఉంటే బల్ల మీది కంప్యూటరూ అక్కర్లేదు, టీవీ కూడా అక్కర్లేదు అన్నాడట షాపు సేఠు. సమ్మక్క తండ్రి వెంకన్న బచేలి ఇనుప ఖనిజం గనిలో కరెంటు పనివాడు, సేఠుకి పాత పరిచయం. అందుకని సేఠు ఒక వెసులుబాటు కూడా ఇచ్చాడు. శనివారం తీసుకెళ్లండి, ఇంట్లో వాడి చూడండి, నచ్చకపోతే సోమవారం వాపస్.

ఇంకేం, ఇంట్లో తలా ఒక పరీక్ష మొదలుపెట్టారు. వెంకన్న ప్లగ్గు పీకేసి గడియారం ముందు కూర్చున్నాడు. గంటా పది నిమిషాలకు తెర ఆరిపోయింది. "కరెంటు పోతే సగం సినిమాకే సరి" అని పెదవి విరిచాడు. ఆయన భార్య దుర్గమ్మ తన చెల్లెలి పెళ్లి సీడీ వేసి, పట్టుచీర మిరపపండు రంగులో కనపడుతోందా లేదా అని దగ్గరికీ దూరానికీ జరిగి చూసింది. కనపడింది. దుర్గమ్మ ఓటు పడిపోయింది. దంతెవాడలో కంప్యూటరు నేర్చుకుంటున్న సమ్మక్క వేళ్లు మీటల మీద నుంచి లేవనే లేదు. సాయంత్రానికల్లా ఆ మీటల మీద గని ఎర్రదుమ్ము పేరుకుంటే గొణుక్కుంటూ తుడిచింది.

తాత భూషణానిది మాత్రం వేరే పరీక్ష.

భూషణం ఇరవయ్యెనిమిదేళ్లు కొండ మీద డ్రిల్ మిషన్ నడిపాడు. పని నుంచి దిగేటప్పుడు చెవులు రెండూ కొండకే వదిలేసి వచ్చాడు. లారీ హారన్ వినపడుతుంది, ఉరుము వినపడుతుంది, మగవాళ్ల లావు గొంతులు కొంత అందుతాయి. ఆడవాళ్ల సన్నటి గొంతులు మాత్రం ఉత్త పెదాల కదలికే. ఆస్పత్రిలో ఇచ్చిన చెవిమిషన్ కీచుమంటోందని బియ్యం డబ్బాలో పడేశాడు. సమ్మక్క ఒక్కతే గొంతు లావు చేసి, చెవి దగ్గరికొచ్చి మాట్లాడుతుంది.

ఆయన ఉప్పలమ్మను చూసి పెళ్లి చేసుకోలేదు, విని చేసుకున్నాడు. జగర్గుండా సంతలో చింతపండు తూస్తూ ఎవరో పాడుతుంటే, ఆ గొంతు వెంట వెతుక్కుంటూ వెళ్లి మనిషిని చూశాడు. ఆ గొంతు పాడగా విని పదకొండేళ్లయింది. ఉప్పలమ్మ పాడటం మానిందా అంటే మానలేదు. వసారాలో చింతగింజలు తీస్తూ పెదాలు కదుపుతుంది. దుర్గమ్మ, పక్క క్వార్టర్‌లో ఉండే ఇర్మె ఇద్దరూ కొంగులు నోట్లో కుక్కుకుంటారు.

"ఏంది, నవ్వుతున్నరు?" అని అడిగితే, ఏం లేదు మామా అన్నట్టు దుర్గమ్మ చెయ్యి తిప్పేస్తుంది.

పోయిన వానాకాలం కోంట దగ్గర చుట్టాల పొలం నాట్లలో ఉప్పలమ్మ పాడిన పాటని సమ్మక్క ఫోన్‌లో పట్టింది. ఫోన్ ఎంత చెవికి ఆనించుకున్నా ముసలాయనకు ఈగ చప్పుడే. ఈ పెద్ద పెట్టెలోనైనా ఆ పాట వినపడుతుందా? అదే ఆయన పరీక్ష. ఇందులోనూ వినపడకపోతే ఇక ఎందులోనూ వినపడదని లోపల అనుకున్నాడు, పైకి అనలేదు.

విచిత్రమేమిటంటే, ఉప్పలమ్మ ఆ పెట్టె వచ్చిన గడియ నుంచీ దాన్ని వెళ్లగొట్టే పనిలోనే ఉంది. వేలితో పెట్టెను చూపించి, గుమ్మాన్ని చూపించి, గాలిలో చెయ్యి ఊపింది.

"ఏమంటది మీ నాయినమ్మ?" అన్నాడు భూషణం.

"వేడెక్కుతుందంట తాతా. ఇల్లు అంటుకుంటదంట."

కాసేపటికి మళ్లీ చెయ్యి ఊపింది.

"ఇప్పుడేమంటది?"

"బరువంట."

"ఆమె ఏమన్న నెత్తిన మోస్తదా?"

ఆదివారం మధ్యాహ్నం అన్నాలయ్యాక సమ్మక్క పాటని ల్యాప్‌టాప్‌లోకి ఎక్కించి, చప్పుడు చివరికంటా పెంచింది. అల్మారాలో గిన్నెలు అదిరాయి. ఏమైందోనని ఇర్మె పరిగెత్తుకొచ్చింది. భూషణం కళ్లు మూసుకుని విన్నాడు.

"ఏం తాతా?"

"గుబగుబ అంటుంది. గాలో, వానో. మనిషి లేదు."

ఉప్పలమ్మ ముఖం వెలిగింది. గుమ్మం వైపు ఇంకోసారి చెయ్యి ఊపింది. భూషణం తలగుడ్డ విప్పి, మళ్లీ అలాగే చుట్టుకున్నాడు. తాత ముఖం చూసి సమ్మక్కకు ఉండబట్టలేదు. తెర మీద ఇంకోటేదో తెరిచింది. అందులో నిలువుగా పది గీతలు, ఒక్కో గీత మీద కిందికీ పైకీ జరిగే ఒక బొత్తాం.

"ఎడమపక్కవి లావు చప్పుళ్లకు తాతా, కుడిపక్కవి సన్నవాటికి."

"ఇవి గేర్లు గదనే. ముందే చెప్పవేంది? జరుగు."

డ్రిల్ నడిపేటప్పుడు ఆయనకు ఒక చెయ్యి గేరు మీద, ఇంకో అరచెయ్యి మిషన్ ఒంటి మీద ఉండేది. కింద తగిలేది మట్టా, మెత్తరాయా, ఇనుమా అన్నది చెవి కంటే ముందు అరచేతికే తెలిసేది. ఇప్పుడూ ఎడమ అరచెయ్యి ల్యాప్‌టాప్ మీద ఆనించి, సమ్మక్క చూపించినట్టు కుడిచేత్తో మౌస్ పట్టుకున్నాడు. ఎడమ గేర్లు ఒక్కొక్కటే దించాడు. అరచేతిలో అదురు తగ్గుతూ వచ్చింది.

"మట్టి పోయింది" అన్నాడు.

కుడి గేర్లు ఒక్కొక్కటే ఎక్కించాడు. మిగతా అందరూ చెవులు మూసుకున్నారు.

"చెవుల్ల సూదులు గుచ్చినట్టుంది నాయినా" అని వెంకన్న మొత్తుకున్నాడు. భూషణం వినిపించుకోలేదు. తొమ్మిదో గేరు సగం దాటాక ఆయన చెయ్యి ఆగిపోయింది.

సంతలో విన్న గొంతే. కాస్త బొంగురుపోయింది, అంతే.

"కొండలన్ని తొలిచినాడే మా ఇంటి బావ
కోడి కూత వినలేడే మా ఇంటి బావ
ఉప్పు తెమ్మని నేనంటే ఉరుకుతాడె బావ
పప్పు తెచ్చి నవ్వుతాడే మా ఇంటి బావ"

మొగుడి పేరు నోట పలకని మనిషి, పేరెత్తకుండానే ఆయన్ని పొలం మధ్య నిలబెట్టింది. పాటలో వెనకాల నాట్లేసే ఆడవాళ్లంతా ఒకటే నవ్వు. భూషణానికి ఆ రోజు గుర్తొచ్చింది. కిలో కందిపప్పు తెచ్చి ఉప్పలమ్మ ముందు పెట్టి, ఇంకేమన్న కావాల్నా అని అడిగిన రోజు. ఇల్లంతా ఎందుకు నవ్విందో ఇన్నాళ్లకు తెలిసింది. వసారాలో కొంగులు నోట్లోకి ఎందుకు వెళ్తున్నాయో, ఈ పెట్టె బరువు ఉప్పలమ్మకు ఎందుకు ఎక్కువైందో కూడా తెలిసింది.

ఆమె అప్పటికే ముఖానికి కొంగు అడ్డం పెట్టుకుంది.

"మల్ల పెట్టు" అన్నాడు ముఖం కదలకుండా. సమ్మక్క మళ్లీ పెట్టింది. "ఇంకోపాలి." మూడోసారి పాట అయిపోగానే గొంతు సవరించుకుని, అదే వరస పట్టుకున్నాడు. తన గొంతు తనకు అందదు కాబట్టి క్వార్టర్ల వరస మొత్తానికీ అందేట్టు పాడాడు.

"ఉప్పు తేలేదంటవేమే ఉప్పలమ్మ పిల్లా
ఉప్పుమూట నువ్వే ఉండంగ కొనుడెందుకు మల్లా"

ఇర్మె నవ్వలేక గోడకు జారగిలబడింది. దుర్గమ్మ ఈసారి కొంగు నోట్లో పెట్టుకోనేలేదు. ఉప్పలమ్మ దోసెడు చింతగింజలు తీసి ముసలాయన మీద విసిరింది, ఆయన నవ్వుతుంటే ఇంకో దోసెడు విసిరింది.

సోమవారం పొద్దున వెంకన్న అడిగాడు. "సేఠుకు ఏం చెప్పమంటవు నాయినా? బ్యాటరీ గంటే ఉంటది. బరువు. వేడి."

"బ్యాటరీ అయిపోతే ప్లగ్గు పెట్టు. బల్ల మీద ఉండేదానికి బరువెంతైతేంది? వేడి సంగతి మీ అమ్మను అడుగు."

ఉప్పలమ్మేమో ల్యాప్‌టాప్ మీద ఎర్రదుమ్ము పడకుండా ఉతికిన తువ్వాలు కప్పుతోంది. కప్పి, అంచులు సరిచేసి, భూషణం వైపు తిరిగి ఏదో అంది.

"ఏమంటది?"

సమ్మక్క ఆయన చెవి దగ్గరికొచ్చి గొంతు లావు చేసింది. "ఉప్పు అయిపోయిందంట తాతా. దుకాణానికి పోయి రమ్మంటుంది."

భూషణం సంచీ తీసుకుని వెళ్లాడు. నిమ్మళంగా నడుచుకుంటూ తిరిగొచ్చి, కిలో కందిపప్పు ఆమె ముందు పెట్టాడు.

"ఇంకేమన్న కావాల్నా?" అన్నాడు.