తిట్టు తగిలిన మధ్యాహ్నం

కాఫీ కూడా నన్ను చూసి భయపడి చల్లారినట్టుంది, ఒక్క గుక్క తాగి పక్కన పెట్టానో లేదో మేనేజర్ పరుగెత్తుకొచ్చాడు, ఏమైందన్నా, బాలేదా అన్నా, ఇంకోటి చెప్పనా అన్నా, బట్టతల, ఇద్దరు పెళ్ళీడు కూతుళ్ళు, వీడికి నేను అన్ననట, నేను దగ్గినా ఆహా అంటాడు, చూస్తేనే అసహ్యం, వీడు లేకపోతే నా కారు తాళాలెక్కడున్నాయో కూడా నాకు తెలియదు, అందుకు ఇంకా అసహ్యం, అద్దం అవతల సౌండ్ ఇంజనీర్ కుర్చీలో గిరగిరా తిరుగుతున్నాడు, పొద్దుటి నుంచి పాడిందంతా చెత్త, వాడికీ తెలుసు, అయినా బొటనవేలు పైకెత్తి చూపిస్తాడు, సూపరన్నా, నిప్పన్నా, నిప్పేమిట్రా, పొయ్యి ఆరిపోయి ఎన్నాళ్ళయిందో, బూడిద పట్టుకెళ్ళి అమ్మినా కొనేలా ఉన్నారు, కొంటున్నారు కూడా, బస్సుల మీద నా మొహం, శీతల పానీయం సీసాల మీద నా మొహం, వేలు చూపిస్తూ, ఎవరికి చూపిస్తున్నానో నాకే తెలియని వేలు.

నా పాటల్లో తిట్టించుకునేవాళ్ళు మాత్రం తక్కువ తిన్నారా, మొన్న ఒక బిల్డర్ పుట్టినరోజుకి పిలిచాడు, ఇళ్ళు కూలగొట్టేవాళ్ళ మీద కట్టారు చూడండి, ఆ పాటే కావాలన్నాడు, అది నా మొదటి పాట, మేము అద్దెకున్న ఇల్లు కూల్చిన రోజు అక్క గ్యాస్ పొయ్యి చంకలో పెట్టుకొని రోడ్డు పక్కన నిలబడింది, ఏడవలేదు, గొట్టం ఎక్కడ పడేశావురా అని నన్ను కసురుకుంది, అప్పుడు పుట్టిన పాట, మా గోడలు మింగిన నీ మొహాన ఉమ్మేస్తా అనే లైన్ దగ్గర ఆ బిల్డర్ చేతులు రెండూ ఎత్తి గెంతాడు, వాడికంటే ముందు వాడి బొజ్జ గెంతింది, పెళ్ళాం వీడియో తీసింది, తర్వాత నా భుజం మీద చెయ్యేసి, ఇరగదీశావు తమ్ముడూ, మనలాంటివాళ్ళకి జనం బాధలు తెలియాలి అన్నాడు, మనలాంటివాళ్ళట, నేనేమన్నాను, పళ్ళికిలించి థాంక్యూ సార్ అన్నాను, అక్కకి ఈ ముక్క చెప్పలేదు, అక్క ఇప్పటికీ బట్టల ఫ్యాక్టరీలో కాలర్లు కుడుతుంది, మానెయ్యమంటే మానదు, నీ కొత్త పాట విన్నాన్రా, దరువు బాగుంది కానీ ఎవర్ని తిడుతున్నావో తెలియలేదు అంది ఫోన్లో, నీకేం తెలుస్తుందిలే అని పెట్టేశాను.

ఇప్పుడు ఆడియో కంపెనీ వాళ్ళు నా పాటలో ఎవరో కొత్త పిల్లని దూర్చారు, ఊరూరా ఆ పిల్ల పాటలే వింటున్నారట, వినేవాళ్ళకి చెవులుండక్కర్లేదు కదా, పొద్దుటి నుంచి బయట వరండాలోనే కూర్చోబెట్టాను, కావాలనే, నా వంతు పాడటం అయిపోయింది, లోపల పనేం లేదు, తలుపు అద్దంలోంచి ఆ పిల్లకీ కనిపిస్తూనే ఉంటుంది, సెల్‌ఫోన్‌లో పేకాట ఆడుతున్నాను, కూర్చోనీ, మొదట్లో నేను కూర్చోలేదా, ఇక పిలవరా అంటే వచ్చింది, చెమట ఆరిన మొహం, భుజాన సంచి, ఎక్కడ నిలబడాలని ఇంజనీర్‌ని అడిగి, నమస్తే సార్ అంది నాతో, అన్నా అనలేదు, ఆ సార్ ఎందుకో పంటి కింద రాయిలా తగిలింది, ఏం రాసుకొచ్చావమ్మా, ఇంట్లో రాసింది వద్దనిపించింది సార్, ఇప్పుడే వరండాలో ఇంకోటి కట్టాను, అబ్బో, వరండాలో పుట్టిన కళాఖండం, కానివ్వు.

మొదలెట్టింది, గొంతు పెద్దదేం కాదు, అరవడం లేదు, పక్కనున్నవాళ్ళతో మాట్లాడినట్టుంది, చీకటి గదిలో నల్లద్దాలు, అద్దాల వెనక నిద్ర కళ్ళు, జోకు ఇంకా గొంతు దాటదు, అప్పుడే బయట నవ్వుల పళ్ళు, భలే, మేనేజర్‌ని బాగా పట్టింది, నిన్న గేటు దూకినోడు, నేడు గేటుకి వేశాడు తాళం, మా కోపమే అద్దెకిచ్చి మా నోటికే వేశాడు గొళ్ళెం, ఎవడో బలిసినవాణ్ణి ఉతికి ఆరేస్తోంది, ఆ వెధవ మొహం నా కళ్ళకి కట్టింది, పగలబడి నవ్వాను, తొడ చరిచాను, విన్నావట్రా అంటూ మేనేజర్ వైపు తిరిగాను, నవ్వడం లేదు వాడు, నేల చూస్తున్నాడు, ఇంజనీర్ కుర్చీ తిరగడం ఆగిపోయింది, గదిలో నా నవ్వొక్కటే మిగిలింది, దాన్ని ఎక్కడ ఆపాలో తెలియలేదు, నవ్వుకి వచ్చిన నీళ్ళు తుడుచుకోబోతే కళ్ళు దొరకలేదు, వేళ్ళకి అద్దాలు తగిలాయి, నేను పెట్టుకున్న నల్లద్దాలు, గదిలో వెలిగేది ఒక్క దీపం.

నా చెవులు కాలిపోతున్నాయి, పొగరన్నా దీనికి, ఇప్పుడే తీయించేస్తాను అని మేనేజర్ లేచాడు, ఆ పిల్ల కదల్లేదు, క్షమాపణ చెప్పలేదు, సంచి పట్టీ గట్టిగా పట్టుకుంది, అంటే తెలిసే పాడింది, ఉంచాలా తీసెయ్యాలా అన్నా అని ఇంజనీర్, ఉంచు అన్నాను, మంచితనం కాదు, ఆ పిల్లని చూస్తే ఇప్పటికీ ఒళ్ళు మండుతోంది, ఉంచు, నేను పాడింది తీసెయ్, అదేంటన్నా అంటున్నారు ఇద్దరూ ఒకేసారి, వెధవలు, వీళ్ళకి చెప్పినా అర్థం కాదు, ఇన్నేళ్ళూ గొంతు చించుకొని నేను తిట్టినవాళ్ళలో ఒక్కడికైనా ఇలా ఒళ్ళు మండలేదు, ఒక్కడూ ఇది నన్నే అని తలదించుకోలేదు, తిట్టు తగిలితే ఎలా ఉంటుందో నాకే ఇవాళ తెలిసింది, అంటే నేనెప్పుడూ ఎవర్నీ తిట్టలేదు.